ఈ చెట్లు ఇలా ఎందుకు తిరిగాయి? వింత ఆకారాల వెనక అసలు కారణాలు

ముందు ఒక ఫొటో గురించి మాట్లాడుకుందాం. ఇది మీలో చాలామందికి వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. ఒక చెట్టు, దానికి ఆడమనిషి ఆకారంలో కాయలు వేలాడుతూ ఉంటాయి. కింద మెసేజ్ ఏంటంటే, ఇది నారీలత, హిమాలయాల్లో 20 ఏళ్లకి ఒక్కసారే పూస్తుంది, పుణ్యం వస్తుంది షేర్ చేయండి అని. ఏళ్ల నుంచి తిరుగుతూనే ఉంది. ఒక గ్రూప్‌లో చచ్చిపోతే ఇంకో గ్రూప్‌లో పుడుతుంది.

అది ఫేక్. కానీ ఆ ఐడియా మాత్రం పాతదే. థాయ్‌లాండ్ బౌద్ధ కథల్లో హిమ్మఫాన్ అని ఒక అడవి ఉంటుంది. అందులో నారీఫోన్ అనే చెట్టుకి అమ్మాయిల ఆకారంలో కాయలు కాస్తాయని చెప్తారు. అంటే కథలో ఉన్న చెట్టుకి ఫొటో తగిలించేశారన్నమాట. ఇప్పుడు ఏఐ వచ్చాక ఇంకా ఈజీ అయిపోయింది. నెమలి ఆకారంలో చెట్టు, గుర్రం ఆకారంలో చెట్టు, రోజుకొకటి ఫీడ్‌లోకి వస్తోంది.

మరి అసలు చెట్టేదో, నకిలీదేదో ఎలా తెలుసుకోవాలి? రివర్స్ ఇమేజ్ సెర్చ్ ఎలాగూ ఉంది, చేయండి. దానికంటే ముందు నేను ఒక ప్రశ్న వేసుకుంటాను. ఈ ఆకారం వల్ల చెట్టుకి ఏం లాభం? లాభం లేకపోతే, ఈ చెట్టుకి ఏం జరిగింది? నిజమైన వింత చెట్టు ఏదైనా సరే, ఈ రెండిట్లో ఒకదానికి జవాబు ఇస్తుంది. అమ్మాయి బొమ్మలా కాయ కాస్తే ఆ చెట్టుకి ఒరిగేదేం లేదు. కానీ గొడుగులా కొమ్మలు చాపితే? చాలా ఉంది. అక్కడికే వెళ్దాం. అయితే ముందు చెట్టు ఎలా పెరుగుతుందో రెండు ముక్కల్లో చెప్పేస్తాను, లేదంటే తర్వాత చెప్పేది ఎక్కదు.

చాలామంది అనుకునేదేంటంటే, చెట్టు మొత్తం రబ్బరులా పైకి సాగుతుందని. కాదు. చెట్టు పొడవు పెరిగేది కొసల దగ్గరే. కొమ్మ చివర, వేరు చివర, అంతే. మిగతా మాను లావెక్కుతుంది, పొడవు సాగదు. మీ స్కూల్ వేపచెట్టుకి పదేళ్ల కింద ఎవరో నాలుగడుగుల ఎత్తులో మేకు కొట్టారనుకోండి. చెట్టు రెండంతస్తుల ఎత్తు పెరిగినా మేకు ఆ నాలుగడుగుల దగ్గరే ఉంటుంది. బెరడు దాన్ని మింగేస్తుంది తప్ప పైకి మోసుకుపోదు. దీని అర్థం ఏంటి? చిన్నప్పుడు ఒక వంపు వచ్చి, ఆ చెక్క గట్టిపడిందంటే, చెట్టు బతికున్నన్నాళ్లూ ఆ వంపు అదే ఎత్తులో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే చెట్టు ఆకారం ఒక లాగ్ ఫైల్. కింద కొత్త లైన్లు రాసుకుంటూ పోవడమే, పాత లైన్ డిలీట్ చేసే ఆప్షన్ లేదు.

ఇప్పుడు న్యూజిలాండ్. అక్కడ సౌత్ ఐలాండ్‌కి దక్షిణం చివర స్లోప్ పాయింట్ అని ఒక చోటు ఉంది. ఫొటో చూస్తే, చెట్లన్నిటికీ ఎవరో ఒకే వైపు దువ్వెన పెట్టి దువ్వినట్టు ఉంటాయి. హెయిర్ డ్రయ్యర్ ముందు నిలబడి అలాగే ఫ్రీజ్ అయిపోయినట్టు. అక్కడి నుంచి దక్షిణానికి అంటార్కిటికా దాకా ఉన్నది దాదాపు సముద్రమే. గాలిని ఆపడానికి అడ్డం ఏదీ లేదు. గొర్రెలు మేపుకునే రైతులు ఆ గాలికి అడ్డంగా ఉంటాయనే ఈ చెట్లు నాటారు.

గాలి వంచేసింది అని సింపుల్‌గా అంటాం గానీ, అది సగమే నిజం. గాలి వచ్చే వైపున మొగ్గలు ఆ చలికి, ఆ ఉప్పు తుంపరకి ఎండిపోయి రాలిపోతాయి. వెనక వైపు మొగ్గలు మాత్రం మిగతా చెట్టు చాటున బతికిపోతాయి. పెరిగేది కొసల దగ్గరే అనుకున్నాం కదా. ఒక వైపు కొసలు ఎప్పుడూ చస్తూ, ఇంకో వైపు కొసలే బతుకుతుంటే చెట్టు ఎటు పెరుగుతుంది? బతికిన వైపే. అంటే వంగింది కొంత, ఒక వైపు చచ్చిపోయింది కొంత.

పోలాండ్‌లో కేసు దీనికంటే మిస్టరీగా ఉంటుంది. గ్రిఫినో అనే ఊరి దగ్గర ఒక పైన్ తోట ఉంది. వాళ్ల భాషలో దాని పేరు క్షివీ లాస్, అంటే వంకర అడవి. దాదాపు 400 చెట్లు. ప్రతి చెట్టూ నేల దగ్గర నిటారుగా మొదలవ్వకుండా, అడ్డంగా ఉత్తరం వైపు పొడుచుకొచ్చి, కొడవలి లాగా వంపు తిరిగి, తర్వాత నిటారుగా పైకి వెళ్లిపోతుంది. 1930 ప్రాంతంలో నాటినవి. అప్పుడు ఆ ప్రాంతం జర్మనీలో ఉండేది. ఇంకో విషయం ఏంటంటే, చుట్టుపక్కల ఉన్న మిగతా పైన్ చెట్లన్నీ స్కేలు పెట్టి గీసినట్టు నిటారుగా ఉంటాయి.

ఇంటర్నెట్‌లో దీనికి ఏలియన్స్ దగ్గర్నుంచి గ్రావిటీ మారిపోవడం దాకా ఉన్నాయి థియరీలు. మంచు బరువుకి వంగాయి అంటారు, యుద్ధంలో ట్యాంకులు తొక్కాయి అంటారు. సరే, మన ప్రశ్న వేద్దాం. మంచు అయితే పక్క చెట్లని ఎందుకు వదిలేసింది? ట్యాంకు ఎక్కితే 400 మొక్కలు ఒకే దిక్కుకి, ఒకే ఎత్తులో వంగుతాయా? లాగ్ ఫైల్‌లో అందరికీ ఒకే లైన్ ఉందంటే అది స్క్రిప్ట్ రాసి నడిపిన పనే. మనుషులు మొక్కలుగా ఉన్నప్పుడే వాటిని వంచారు అన్నదే వీటన్నిటిలో నిలబడే వివరణ. వంపు తిరిగిన చెక్క పడవలకి, బండ్లకి, కుర్చీలకి బాగా పనికొస్తుంది. నిటారు దుంగని కోసి వంపు తెచ్చేకంటే, వంపుగానే పెంచితే చెక్క బలంగా ఉంటుంది. 1939లో యుద్ధం మొదలైంది, తర్వాత సరిహద్దులు మారాయి, అక్కడి జర్మన్లు వెళ్లిపోయారు. పంట వేసినవాళ్లు కోతకి రాలేదు. ఇది నేను పెట్టే పందెం.

దీంట్లో నాకు బాగా నచ్చేది వంపు కాదు. వంపు తర్వాత మళ్లీ నిటారుగా లేవడం. చెట్టుకి కళ్లు లేవు, పైన ఏదో కింద ఏదో ఎలా తెలుస్తుంది? మీ ఫోన్ అడ్డంగా తిప్పితే స్క్రీన్ కూడా తిరుగుతుంది కదా. లోపల యాక్సిలరోమీటర్‌లో ఒక బుల్లి బరువు ఉంటుంది, అది ఎటు లాగుతోందో చూసి ఫోన్ కింద ఎటుందో కనుక్కుంటుంది. మొక్క కణాల్లో కూడా సరిగ్గా అలాంటివే ఉన్నాయి. బరువైన పిండి రేణువులు. మొక్క వాలితే అవి కూడా దొర్లి కొత్త అడుగు వైపుకి చేరతాయి. అప్పుడు మొక్కకి నేను పడిపోయాను అని తెలుస్తుంది. పైన్ లాంటి చెట్లయితే వంగిన మానుకి అడుగు వైపు ప్రత్యేకమైన గట్టి చెక్క వేసుకుని, జాకీ పెట్టినట్టు పైకి నెడతాయి. వేప, మామిడి లాంటి చెట్లు దీనికి రివర్స్. పై వైపు చెక్క వేసుకుని తాడుతో లాగినట్టు లాగుతాయి. కావాలంటే ఇంట్లో కుండీని మొక్కతో సహా అడ్డంగా పడుకోబెట్టండి. కొన్ని రోజుల్లోనే చిగురు తల పైకెత్తుతుంది.

కోనసీమ వైపు వెళ్లినవాళ్లకి ఇంకో సీన్ గుర్తొచ్చి ఉండాలి. కాలవ గట్టు మీద కొబ్బరిచెట్లు. నీళ్ల మీదకి వాలి, మళ్లీ తల పైకెత్తి, పడవ ముక్కులా ఉంటాయి. నీళ్ల మీద ఖాళీ, వెలుతురు రెండూ ఎక్కువ కాబట్టి అటు వాలతాయి. గట్టు మట్టి జారడం కూడా ఒక కారణం. కానీ కొబ్బరికి పైన్ లాగా కొత్త చెక్క పొరలు వేసుకునే సదుపాయం లేదు. కాబట్టి పాత వంపుని సరిచేసుకోలేదు. కొస ఒక్కటే పైకి తిరుగుతుంది. ఆ వంపు అలాగే ఉండిపోతుంది, మనకేమో వెడ్డింగ్ షూట్ లొకేషన్ అవుతుంది.

ఈ వంపు విద్య మొత్తాన్ని కావాలని వాడుకున్న ఒకాయన ఉన్నాడు. ఆక్సెల్ ఎర్లాండ్సన్, 1884లో పుట్టాడు, అమెరికాలో కాలిఫోర్నియా రైతు. చిక్కుడు గింజలు పండించేవాడు. రెండు కొమ్మలు ఒకదానికొకటి రాసుకుని, బెరడు అరిగి, లోపలి పచ్చి పొరలు కలిసి ఒక్కటైపోవడం చూశాడు. మనం అంటు కడతాం కదా, అదే, కాకపోతే దానంతట అదే జరిగింది. అక్కడి నుంచి మొదలుపెట్టాడు. ఆరు సైకమోర్ మొక్కల్ని గుండ్రంగా నాటి, వాటిని వజ్రాల డిజైన్‌లో ఒకదానికొకటి అంటు కట్టి, బుట్ట అల్లినట్టు ఒకే చెట్టుగా పెంచాడు. నిచ్చెన చెట్టు, కుర్చీ చెట్టు, ఇలా డజన్లకొద్దీ. 1947లో టికెట్ పెట్టి ట్రీ సర్కస్ అని ఓపెన్ చేశాడు. ఎలా చేశావయ్యా అని పిల్లలు అడిగితే చెట్లతో మాట్లాడతాను అనేవాడట. టెక్నిక్ ఎవరికీ నేర్పకుండానే 1964లో చనిపోయాడు. 1985లో వాటిలో 20కి పైగా చెట్లని తవ్వి గిల్‌రాయ్ అనే ఊళ్లో ఒక పార్క్‌కి మార్చారు, బుట్ట చెట్టు ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇది ఒక మనిషి హాబీ. మేఘాలయలో ఖాసీ వాళ్లు ఇదే పని అవసరం కోసం చేశారు. వాగులు దాటాలి, వెదురు వంతెన కడితే ఆ వానకి రెండు మూడేళ్లలో కుళ్లిపోతుంది. అందుకని గట్టు మీద రబ్బరు మర్రి పెంచి, దాని లేత ఊడల్ని బోలుగా చీల్చిన వక్క మానుల్లోంచి అవతలి గట్టుకి నడిపించారు. ఊడ అవతల మట్టి అందుకుంటే లావెక్కుతుంది, బిగుసుకుంటుంది. తిన్నగా వాడుకోవడానికి 15, 20 ఏళ్లు పైనే పడుతుంది. కానీ కాలం గడిచేకొద్దీ బలం పెరిగే వంతెన ఇంజనీరింగ్ సిలబస్‌లో ఎక్కడుంది చెప్పండి? ఈ ఊడని పైపులోంచి నడిపించడం అనే ట్రిక్ గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ కావాలి.

ఇప్పుడు అసలు గొడుగు దగ్గరికి వచ్చాం. థంబ్‌నెయిల్‌లో ఉన్నది అదే.

అరేబియా సముద్రంలో, యెమెన్ దేశానికి చెందిన సొకోత్రా అనే ద్వీపం. ఎన్నో లక్షల ఏళ్లుగా మెయిన్‌ల్యాండ్‌కి దూరంగా ఉండిపోయింది. అక్కడ 825 రకాల మొక్కలుంటే అందులో 37 శాతం ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో పెట్టారు. అక్కడి స్టార్ డ్రాగన్ బ్లడ్ ట్రీ. గాలికి తిరగబడిన గొడుగు ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఊచలన్నీ పైకి, పైన గుబురుగా ఆకుల కప్పు. బెరడుకి గాటు పెడితే ఎర్రటి బంక కారుతుంది, పేరు అందుకే. పాత కాలం నుంచీ ఆ బంకని మందుగా, రంగుగా, వార్నిష్‌గా అమ్మేవాళ్లు.

దీని చుట్టాన్ని మీరు రోజూ చూస్తున్నారు. షాపు కౌంటర్ల మీద, గాజు గ్లాసు నీళ్లలో లక్కీ బాంబూ అని పెడతారు చూశారా? అది వెదురు కానే కాదు. డ్రసీనా జాతి మొక్క. ఈ గొడుగు చెట్టు కూడా డ్రసీనానే. కొబ్బరి, గడ్డి వీటికి దూరపు బంధువులు. అందుకే దీన్ని కోసినా లోపల ఏడాదికో వలయం కనపడదు. వయసు చెప్పాలంటే, కొమ్మ ఎన్నిసార్లు చీలిందో లెక్కపెట్టి అంచనా వేస్తారు. ఒక కొమ్మ పూత పూశాక అక్కడితో ఆగి, కొత్త కొమ్మలుగా చీలుతుంది. మళ్లీ పూత, మళ్లీ చీలిక. అన్ని కొమ్మలూ ఇదే లెక్కలో చీలుతూ పోతాయి కాబట్టే కొలిచి చేసినట్టు ఆ గొడుగు వస్తుంది.

మరి గొడుగు దేనికి? వానకి కాదు. అక్కడ వాన చాలా తక్కువ. పొగమంచుకి. సముద్రం మీంచి తేమ గాలి వచ్చి కొండల్ని తాకితే దట్టమైన పొగమంచు కమ్ముతుంది. అందులో నీళ్లున్నాయి గానీ, అవి వానలా కింద పడవు, పక్కనించి వెళ్లిపోతాయి. పట్టుకోవడానికి ఏదో ఒకటి అడ్డం పెట్టాలి. కత్తుల్లా నిటారుగా నిలబడ్డ ఆ వేల ఆకులే ఆ అడ్డం. మంచు వాటి మీద చుక్కలుగా చేరి, ఆకు మొదట్లోకి జారి, కొమ్మల వెంట మానుకి, మాను వెంట వేళ్లకి దిగుతుంది. కొంత నేల మీద కారుతుంది. ఆ కారిన నీళ్లు ఎండకి ఆవిరైపోకుండా పైన అదే గొడుగు నీడ ఇస్తుంది. ఒకే డిజైన్, రెండు పనులు. వాన గొడుగు నీళ్లని బయటికి తోస్తుంది, ఈ గొడుగు లోపలికి లాక్కుంటుంది.

ఆ నీడలోనే దాని పిల్ల మొక్కలు బతకాలి. సమస్య అక్కడే ఉంది. సొకోత్రాలో మేకలు ఎక్కువ. పిల్ల మొక్క తల ఎత్తితే చాలు తినేస్తాయి. దాంతో చాలా చోట్ల కనపడేవన్నీ ముసలి చెట్లే. అడవి చూడ్డానికి నిండుగా ఉంటుంది, డ్రోన్ షాట్ అదిరిపోతుంది, కానీ అందులో పిల్లలు లేరు. పిల్లలు లేని ఊరు ఎలాంటిదో అలాంటిది. పైగా ఈ మొక్క ఏడాదికి పెరిగేది రెండు మూడు సెంటీమీటర్లు. లెక్క వేసి చూడండి, మీటరు ఎత్తు రావడానికే ముప్పై మూడు నుంచి యాభై ఏళ్లు. ఇంత నిదానంగా పెరిగే దానికి 2015 నవంబర్‌లో వారం తేడాతో రెండు తుపాన్లు తగిలాయి, చపలా, మేఘ్. వేల చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. 2018 మేలో మళ్లీ మెకును వచ్చింది. చెట్టు పడితే దాంతో పాటు అది పట్టే పొగమంచు నీళ్లు కూడా పోయినట్టే. కింద నేల ఆరిపోతుంది, పక్కన మొలవాల్సిన మొక్కకి ఉన్న ఆ కాస్త ఛాన్స్ కూడా పోతుంది. అక్కడివాళ్లు ఇప్పుడు కంచెలు కట్టి నర్సరీల్లో ఈ మొక్కలు పెంచుతున్నారు. కంచె అంటే ఏడాదో రెండేళ్లో కాదు, ఒక మనిషి జీవితమంతా కాపలా కాయాల్సిన కంచె.

తర్వాతది బావోబాబ్, ఆఫ్రికావాళ్లు దేవుడు తలకిందులుగా నాటాడు అని కథ చెప్పుకునే చెట్టు. డ్రమ్ము లాంటి మాను, పైన వేళ్లలాంటి కొమ్మలు. మొత్తం ఎనిమిది జాతులుంటే ఆరు మడగాస్కర్‌లోనే ఉన్నాయి. మొరొందావా దగ్గర మట్టి రోడ్డుకి రెండు వైపులా ఫ్యాక్టరీ పొగగొట్టాల్లా నిలబడ్డ బావోబాబ్‌ల ఫొటో మీ వాల్‌పేపర్ యాప్‌లో కూడా ఉండొచ్చు. అది ఎవరో వేసిన చెట్ల వరస కాదు. ఒకప్పుడు అక్కడ అడవి ఉండేది. పొలాల కోసం అడవంతా కొట్టేశాక మిగిలినవి ఇవి. అందమైన ఫొటో అనుకుంటున్నది ఒక అడవికి మిగిలిన పళ్లు.

ఆ లావు మానులో నీళ్లుంటాయి, ఎండాకాలం తాగుతుంది, ఇంతవరకే అందరూ చెప్తారు. మడగాస్కర్ బావోబాబ్‌ల మీద పరిశోధన చేసినవాళ్లకి తేలింది వేరేలా ఉంది. ఎండాకాలంలో అది ఆకులు రాల్చేసి నిద్రపోతుంది, నీళ్లని పెద్దగా ముట్టుకోదు. వానలకి కాస్త ముందు, నేల ఇంకా ఎండిపోయి ఉండగానే, ఆ దాచిన నీళ్లతో కొత్త ఆకులు వేసుకుంటుంది. వాన మొదటి రోజుకి ఇది రెడీగా ఉంటుంది, మిగతా చెట్లు అప్పుడు లేస్తాయి. ఇంకోటి, దీని చెక్క మెత్తన. నీళ్లు నిండి ఉండటం వల్లే ఆ మాను గట్టిగా నిలబడుతుంది, గాలి కొట్టిన ట్యూబులా. నీళ్లు మరీ ఎక్కువగా వాడేస్తే కూలిపోతుంది. 2018లో వచ్చిన ఒక స్టడీ ప్రకారం ఆఫ్రికాలో అతి ముసలి బావోబాబ్‌లు 13 ఉంటే, వాటిలో 9 పన్నెండేళ్ల కాలంలో పూర్తిగానో కొంతో కూలిపోయాయి. వాతావరణం మారడం కారణం కావచ్చని వాళ్ల అనుమానం.

బావోబాబ్ చూడ్డానికి ఫ్లైట్ టికెట్ అక్కర్లేదు. హైదరాబాద్ గోల్కొండలో నయా ఖిలా వైపు ఒకటుంది. హాథియా కా ఝాడ్ అంటారు, ఏనుగు చెట్టు. నడుము చుట్టుకొలత 25 మీటర్లకి పైనే, వయసు సుమారు 400 ఏళ్లని అంచనా. మాను లోపల గది లాంటి బోలు ఉంది, అందులో దొంగలు దాక్కునేవాళ్లని లోకల్ కథ. చార్మినార్‌తో సెల్ఫీ దిగిన ప్రతి వందమందిలో దీన్ని చూసినవాళ్లు ఒక్కరైనా ఉంటారా అని నా డౌట్.

చివరికి మన మర్రి. మనకి అలవాటైపోయి వింత అనిపించదు గానీ, బయటివాళ్లకి చూపిస్తే నోరు తెరుస్తారు. కొమ్మలోంచి వేరు దిగి, నేలని తాకి, మళ్లీ మానైపోయే చెట్టు ఇది. ఎందుకలా? చెట్టు పక్కకి ఎంత చాపితే అంత వెలుతురు దొరుకుతుంది. కానీ అడ్డంగా చాపిన కొమ్మ పొడవు పెరిగేకొద్దీ దాని మొదట్లో బరువు భయంకరంగా పెరుగుతుంది. డంబెల్ చేతిని ముందుకి చాపి పట్టుకోండి, తెలుస్తుంది. మామూలు చెట్టు ఒక దూరం దాకా వెళ్లి ఆగిపోతుంది. మర్రి ఆగదు. ఊడ దింపి స్తంభం వేసుకుంటుంది, అక్కడి నుంచి మళ్లీ చాపుతుంది. సిద్ధాంతపరంగా దీనికి అంతు లేదు. శ్రీ సత్యసాయి జిల్లాలో కదిరి దగ్గరున్న తిమ్మమ్మ మర్రిమాను అలా దాదాపు 5 ఎకరాలు కమ్మేసింది. 1989లో గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది.

ఇందులో ఇంకో సీక్రెట్ ఉంది. కోల్‌కతా పక్కన హౌరాలో బొటానిక్ గార్డెన్‌లో గ్రేట్ బనియన్ అని ఒక మర్రి ఉంది. 1864లో, 1867లో తుపాన్లు కొట్టి దాని అసలు మానుకి దెబ్బ తగిలింది, తర్వాత బూజు రోగం పట్టింది. 1925లో ఆ మానుని మొత్తం తీసేశారు. నడిమధ్య మాను లేదు. వందేళ్లయింది. చెట్టు చావలేదు, ఇంకా విస్తరిస్తోంది. మెయిన్ సర్వర్ పీకేసినా నడిచే నెట్‌వర్క్ అది. ప్రతి ఊడా ఒక బ్యాకప్.

కాబట్టి మర్రి ప్రాణం మానులో కంటే ఊడల్లో ఎక్కువ ఉంది. ఇప్పుడు మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి రండి. దాదాపు 700 ఏళ్లదని చెప్తారు, సుమారు మూడెకరాలు. 2017 డిసెంబర్‌లో ఒక పెద్ద కొమ్మ విరిగి పడింది. చూస్తే లోపలంతా చెద. టూరిస్టులని ఆపేశారు. 2018లో దానికి సెలైన్ పెట్టారు, నిజంగానే. చెద మందు నీళ్లలో కలిపి, సెలైన్ బాటిళ్లలో పోసి, కొమ్మలకి వందల బాటిళ్లు వేలాడదీసి, చుక్కచుక్కగా లోపలికి ఎక్కించారు. ఆ ఫొటోలు చూసి చాలామంది మీమ్స్ వేశారు. కానీ ఆలోచించండి, పైన చల్లితే బెరడు లోపల దాక్కున్న చెదకి ఎలా తగులుతుంది? బరువైన కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కట్టారు. లేత ఊడల్ని మట్టి, ఎరువు నింపిన పైపుల్లోకి దించి నేలకి చేర్చే పని చేశారు. ఖాసీ వాళ్ల వక్క మాను ట్రిక్ గుర్తుందా, అదే. తిమ్మమ్మ మర్రిమాను దగ్గర అటవీ శాఖ వెదురు బొంగులతో చేసేది కూడా ఇదే.

ఇంత కష్టం ఎందుకంటే, వేలాడే ఊడ కొస చాలా సున్నితం. అది నేలకి చేరేదాకా ఎండిపోకూడదు, తెగకూడదు, ఎవరూ పట్టుకుని ఊగకూడదు. పెరిగేది కొస దగ్గరే అని మొదట్లో అనుకున్నాం. కొస తెంపితే ఆ ఊడ అక్కడితో ఆగిపోతుంది. పక్క నుంచి ఇంకో వేరు వచ్చి మళ్లీ మొదలుపెట్టాలి, టైమ్ అంతా వేస్ట్. కింద సిమెంటు గచ్చు ఉంటే అంత దూరం దిగి వచ్చిన ఊడకి దూరడానికి మట్టే దొరకదు.

హైదరాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా బీజాపూర్ వెళ్లే రోడ్డు ఉంది కదా. దాని పక్కన దాదాపు 900 మర్రిచెట్లు ఉన్నాయి. రోడ్డు వెడల్పు చేయడానికి వాటిని కొట్టేయొద్దని కొందరు నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లి ఏళ్ల తరబడి పోరాడారు. రోడ్డు అవసరమే, ఆ రూట్‌లో యాక్సిడెంట్లలో మనుషులు పోతున్నారు, దాన్ని తేలిగ్గా తీసేయలేం. నాకైతే చెట్ల వరసని మధ్యలో వదిలి పక్కన ఇంకో రోడ్డు వేయడమే సరైన డిజైన్ అనిపిస్తుంది. ఇంతకీ రోడ్డు పక్క మర్రిచెట్లకి పిల్లలమర్రి లాగా స్తంభాలు ఎందుకుండవో ఎప్పుడైనా గమనించారా? ఈసారి ఏ ఊరి రోడ్డులో అయినా బస్సు కిటికీలోంచి చూడండి. రోడ్డు మీదకి వేలాడే ఊడలన్నీ ఒకే ఎత్తులో, గీత గీసి కత్తిరించినట్టు ఆగిపోయి ఉంటాయి. ఆ ఎత్తు లారీ టాప్ ఎత్తు. ఫొటో తీసి, ఏ ఊరో రాసి కామెంట్స్‌లో పెట్టండి.